రాయ్‌బరేలీ తొలి ప్రతినిధి

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో శుక్రవారం మధ్యాహ్నం ఢిల్లీలో ఒక విశేషం కనిపిస్తుంది. ప్రశ్నోత్తరాల వేళ కిక్కిరిసి ఉన్న లోక్‌సభ భోజన విరామానంతరం పలచబడిపోతుంది. సభ్యులు చాలామంది రైలుకో విమానానికో బయలుదేరుతారు. నియోజకవర్గంలో పెళ్ళిళ్ళు, పరామర్శలు, శంకుస్థాపనలు, అర్జీదారులు వారి కోసం ఎదురుచూస్తూ ఉంటారు. సరిగ్గా ఆ వేళనే, అంటే శుక్రవారం చివరి రెండున్నర గంటలను, మంత్రులు కాని సభ్యులు స్వయంగా ప్రతిపాదించే బిల్లులకు, తీర్మానాలకు సభా నిబంధనలు కేటాయించాయి. కనుక అనధికార బిల్లు అనేది సాధారణంగా ఖాళీ బెంచీల ఎదుట చదివే ఒక మనవి వంటిది. స్వాతంత్ర్యానంతరం అటువంటివి వేల సంఖ్యలో వచ్చినా చట్టరూపం ధరించినవి 14 మాత్రమే. 1970 తర్వాత ఒక్కటీ లేదు.

ఆ పద్నాలుగింటిలో ఒకదాని కర్త ఫిరోజ్ గాంధీ. ఈనాటి పాఠకులలో చాలామంది ఆయనను ఒక ప్రధాని అల్లుడిగా, ఒక ప్రధాని భర్తగా, ఒక ప్రధాని తండ్రిగా మాత్రమే ఎరుగుదురు. రాయ్‌బరేలీ అనగానే గుర్తుకు వచ్చే పేర్లలో ఆయన పేరు సాధారణంగా చివరన వస్తుంది. అక్కడి ఓటర్లు 1952లో తొలిసారి లోక్‌సభకు పంపినది ఆయననే. పార్లమెంటులో ఆయన పనిచేసింది పట్టుమని పదేళ్ళు. ఆ పదేళ్ళలో గట్టిగా మాట్లాడినది అయిదేళ్ళు. అంతలోనే ఒక ఆర్థికమంత్రి పదవి పోయింది, ఒక కోటీశ్వరుడు కారాగారం చేరాడు, జీవిత బీమా ప్రభుత్వపరమైంది, పత్రికలకు ఒక రక్షణ కవచం లభించింది.

ఫిరోజ్ 1912 సెప్టెంబరు 12న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించారు. తండ్రి జహంగీర్ నౌకా ఇంజనీరు. ఆయన మరణానంతరం కుటుంబం అలహాబాదులో వైద్యురాలిగా ఉన్న తల్లి సోదరి చెంతకు చేరింది. అక్కడి ఈవింగ్ క్రిస్టియన్ కళాశాలలో చదువుతుండగా 1930లో కళాశాల ఎదుట పికెటింగు జరిపిన మహిళలలో కమలా నెహ్రూ ఎండకు సొమ్మసిల్లారు. ఆమెకు సపర్యలు చేసిన విద్యార్థులలో ఒకరైన ఫిరోజ్ చదువుకు స్వస్తి చెప్పి ఉద్యమంలో చేరిపోయారు. ఆ ఏడే జైలుకు వెళ్ళారు. ఫైజాబాదు జైలులో లాల్ బహదూర్ శాస్త్రి ఆయనకు తోటి ఖైదీ. తర్వాత లండన్ చదువు, స్విట్జర్లాండులో కమలా నెహ్రూ తుది ఘడియలలో సన్నిధి, 1942 మార్చిలో ఇందిరతో వివాహం, కొద్ది నెలలకే క్విట్ ఇండియా ఉద్యమం, నైనీ కారాగారం. ఈ భాగమంతా ఎందరో వివరంగా రాశారు. దంపతుల మధ్య తర్వాత ఏర్పడిన ఎడం గురించి ఇంకా ఎక్కువ రాశారు. ఈ శీర్షికకు దానితో ప్రమేయం లేదు.

ప్రమేయమున్నది లక్నో ఘట్టంతో. 1946లో ఫిరోజ్ నేషనల్ హెరాల్డ్ పత్రిక నిర్వహణ బాధ్యత స్వీకరించారు. అదే ఏట ఆ పత్రిక సంపాదకత్వం చేపట్టి మూడు దశాబ్దాలకు పైగా నిర్వహించినవారు మన మానికొండ చలపతిరావు. సంపాదకుడు కలం చూసుకుంటే మేనేజింగ్ డైరెక్టరు కాగితం ధర, యంత్రాల మరమ్మత్తు, సిబ్బంది జీతాలు చూసుకోవాలి. పత్రిక ఎలా బతుకుతుందో, ఏ యజమాని బెదిరింపుకు ఎందుకు జంకుతుందో, ఒక్క పరువునష్టం దావా ఒక చిన్న పత్రికను ఎలా కుంగదీయగలదో ఫిరోజ్‌కు పుస్తకాల ద్వారా తెలిసిన సంగతి కాదు. 1956 నాటి ఆయన బిల్లుకు బీజం ఈ అనుభవంలో ఉన్నదని ఈ విలేఖరి అభిప్రాయం.

1950లో తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడై, 1952 సార్వత్రిక ఎన్నికలలో రాయ్‌బరేలీ నుంచి పోటీ చేసి గెలిచారు. ఆనాటి నియోజకవర్గం ఇప్పటిది కాదు. ప్రతాప్‌గఢ్ జిల్లా పడమటి భాగాన్ని, రాయ్‌బరేలీ జిల్లా తూర్పు భాగాన్ని కలిపి ఇద్దరు సభ్యులను ఎన్నుకొనే ద్విసభ్య నియోజకవర్గంగా ఏర్పరచారు. రెండవ స్థానం షెడ్యూల్డు కులాలకు కేటాయించినది. దానికి ఎన్నికైనవారు బైజ్‌నాథ్ కురీల్. గంగకు ఉత్తరాన, సయీ నది పారే ఈ అవధ్ ప్రాంతం తాలూకాదారుల ఇలాకా. 1921 జనవరిలో రాయ్‌బరేలీ పట్టణం చెంత మున్షీగంజ్ వద్ద రైతులపై కాల్పులు జరిగిన చరిత్ర దానికి ఉన్నది.

ఉత్తరప్రదేశ్‌లో జమీందారీ రద్దు చట్టం 1952 జులై 1న అమలులోకి వచ్చింది. కొత్తగా ఎన్నికైన సభ్యుడి వద్దకు అవధ్ రైతు ఏ పని మీద వచ్చేవాడో దీనినిబట్టి గ్రహించవచ్చు. భూమి దున్నుతున్నది ఒకరు, కాగితాలలో పేరున్నది మరొకరు. గ్రామ లెక్కల అధికారి నమోదు చేయడు, తహశీల్దారు వినడు, కోర్టుకు వెళ్ళే స్తోమత లేదు. కాలువ నీరు, పోలీసుల దౌర్జన్యం, పిల్లవాడికి ఉద్యోగం, బడికి పైకప్పు — ఇవన్నీ రాజ్యాంగం ప్రకారం లక్నో ప్రభుత్వం చేతిలోనివి. ఢిల్లీ సభ్యుడు చేయగలిగినదల్లా ఒక ఉత్తరం రాయడం, ఒక మంత్రిని కలవడం, జవాబు రాకపోతే మరో ఉత్తరం రాయడం. రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు అర్జీదారుకు తెలియదు. తెలిసినా అతనికి దానితో నిమిత్తం లేదు. ఓటు వేయించుకున్నవాడు పని చేయించాలి, అంతే.

అందుకు ఆనాటి సభ్యుడికి ఉన్న సాధన సంపత్తి ఎంత? 1954 చట్టం ప్రకారం నెలకు 400 రూపాయల జీతం, సభకు హాజరైన రోజుకు 21 రూపాయల భత్యం, రైలు పాసు, ఢిల్లీలో ఒక నివాసం. ఆఫీసుకని, కార్యదర్శికని వేరే ఏర్పాటు లేదు. నియోజకవర్గంలో పనుల కోసం సభ్యుని సిఫార్సుపై నిధులు మంజూరు చేసే పథకం 1993 డిసెంబరులో గాని రాలేదు. మొదట 5 లక్షలతో ఆరంభమైన ఆ పథకం 1994లో కోటికి, 1998లో రెండు కోట్లకు, 2011లో అయిదు కోట్లకు పెరిగింది. ఇప్పటి సభ్యుడు బస్సు స్టాండు నీడ కట్టించి దానిపై తన పేరు రాయించుకోవచ్చు. ఫిరోజ్ తరం వారికి ఆ అవకాశమూ లేదు, ఆ ప్రలోభమూ లేదు.

వారంలో అయిదు రోజులు సభ. ప్రశ్నలకు ముందుగా నోటీసు ఇవ్వాలి, బిల్లులు చదవాలి, నివేదికలు తిరగవేయాలి. నియోజకవర్గానికి వెళ్ళాలంటే రాత్రంతా రైలులో లక్నో చేరి, అక్కడి నుంచి మరో 80 కిలోమీటర్లు ప్రయాణించాలి. అందునా ప్రధానమంత్రి అల్లుడికి ఒక అదనపు బాధ ఉంటుంది. ఆయన నోటిమాటతో జరగని పని ఉండదని ఊరూరా నమ్ముతారు. జరగకపోతే మనసు లేక చేయలేదనుకుంటారు. ఫిరోజ్ తీన్‌మూర్తి భవనం నుంచి వేరుపడి పార్లమెంటు సభ్యులకిచ్చే సాధారణ నివాసంలో ఉండసాగారు. అక్కడ ఆయన గులాబీలు పెంచేవారు, వడ్రంగి పనిముట్లతో బల్లలు, పిల్లలకు బొమ్మలు చేసేవారు. సెంట్రల్ హాలులో ఆయన కూర్చునే మూలకు ఆయన పేరే స్థిరపడింది. ఆ మూలకు కమ్యూనిస్టులు వచ్చేవారు, కాంగ్రెసువారు వచ్చేవారు, విలేఖరులైతే సరేసరి. 2023 సెప్టెంబరులో సభలు కొత్త భవనానికి తరలిపోయాయి. అందులో సెంట్రల్ హాలు లేదు. సభ్యులూ విలేఖరులూ పార్టీ భేదాలు మరచి చేరే అటువంటి మూల మళ్ళీ ఏర్పడలేదని చెప్పక తప్పదు.

మొదటి మూడేళ్ళు ఫిరోజ్ సభలో నోరు విప్పినది తక్కువ. మామగారి వెనుక బెంచీలో కూర్చునే నిశ్శబ్ద సభ్యుడని అందరూ అనుకున్నారు. ఆ మౌనం సోమరితనం కాదని 1955 డిసెంబరు 6న తెలిసింది. బీమా సవరణ బిల్లుపై చర్చలో లేచి, రామకృష్ణ దాల్మియా ఆధీనంలోని భారత్ ఇన్సూరెన్సు కంపెనీ సొమ్ము ఎలా దారి మళ్ళిందో అంకెలు, తేదీలతో సహా సభ ముందు పరచారు. పాలసీదార్లు పైసా పైసా కూడబెట్టి కట్టిన ప్రీమియం సట్టా వ్యాపారానికి పెట్టుబడి అయింది. దాల్మియాపై కేసు నడిచింది. రెండు కోట్లకు పైబడిన దుర్వినియోగానికి శిక్ష పడింది. 1962లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బీమా రాయ్‌బరేలీ రైతు అడిగిన సమస్య కాదు. భూమి కాగితం కోసం వచ్చిన అర్జీదారు ఏనాడూ తన ప్రతినిధిని కంపెనీల ఆస్తి అప్పుల పట్టీలు చదవమని కోరి ఉండడు. కాని లక్నో చేతిలోని పనికి ఢిల్లీ సభ్యుడు ఉత్తరాలు మాత్రమే రాయగలడు. ఢిల్లీ చేతిలోని పనికి చట్టమే చేయగలడు. ఈ భేదాన్ని ఫిరోజ్ గ్రహించినంత స్పష్టంగా ఆనాడు గ్రహించినవారు కొద్దిమంది. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు కట్టిన డబ్బు ఎవరి చేతిలో పడుతున్నదో చూడవలసిన చోటు పార్లమెంటు తప్ప మరొకటి లేదు. అంతకు ముందరి పదేళ్ళలో పాతిక వరకు బీమా కంపెనీలు దివాళా తీశాయి.

ఏడు వారాలు తిరగకుండానే, 1956 జనవరి 19న, ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ హయాములో ఆర్డినెన్సు ద్వారా ప్రభుత్వం జీవిత బీమా వ్యాపారాన్ని స్వాధీనం చేసుకున్నది. 245 సంస్థలు కలిసి ఆ సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ అవతరించింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1925లో బందరులో స్థాపించిన ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ కూడా అందులో లీనమైనదే. అన్ని కంపెనీలూ దాల్మియా కంపెనీ వంటివి కావన్నది నిజం. జాతీయకరణ యావత్తూ ఫిరోజ్ ఒక్కరి ఘనత అనడమూ అతిశయోక్తే. అయితే దానికి ప్రజామోదం సంపాదించిన ఉపన్యాసం మాత్రం ఆయనదే.

ఆ ఉపన్యాసమే ఆయన కళ్ళకు మరో చిక్కు చూపింది. సభలో మాట్లాడిన సభ్యుడిపై ఎవరూ దావా వేయలేరు. రాజ్యాంగంలోని 105వ అధికరణం ఆయనను కాపాడుతుంది. అవే మాటలను యథాతథంగా ప్రచురించిన పత్రికకు ఆ రక్షణ లేదు. శాసనసభలో చేసిన ప్రసంగాన్ని ప్రచురించిన సందర్భంలో 1951లో కలకత్తా హైకోర్టు ఆ మాటే చెప్పింది. ధనవంతుడి గుట్టు సభలో బయటపడితే సంపాదకుడు న్యాయవాదిని సంప్రదించి వార్తను కుదించే పరిస్థితి. పైగా పెద్ద పత్రికలలో కొన్ని ఆ పారిశ్రామికుల సొత్తు; టైమ్స్ ఆఫ్ ఇండియా దాల్మియా-జైన్ కుటుంబం చేతిలోనే ఉండేది. మరి రాయ్‌బరేలీ రైతుకు, గుంటూరు గుమాస్తాకు తమ ప్రతినిధి ఢిల్లీలో ఏమి చేస్తున్నాడో తెలిసే దారేది? సందర్శకుల గ్యాలరీలో వారు కూర్చోలేరు. ఊరి కొట్టు ముందు ఎవరో ఒకరు బిగ్గరగా చదివే పత్రికే వారి గ్యాలరీ.

ఫిరోజ్ 1956లో ప్రతిపాదించిన బిల్లు చాలా చిన్నది. పార్లమెంటు కార్యకలాపాలను సారాంశంలో సత్యంగా, దురుద్దేశం లేకుండా ప్రచురించిన పత్రికపైన, ప్రసారం చేసిన రేడియోపైన సివిల్, క్రిమినల్ చర్యలు చెల్లవన్నదే దాని సారాంశం. ప్రభుత్వం అడ్డు చెప్పలేదు. ఆ మే నెలలో అది ఆ సంవత్సరపు 24వ నంబరు చట్టమైంది. అప్పటికి లోక్‌సభ స్పీకరు స్థానంలో ఉన్నవారు చిత్తూరు జిల్లా వాసి మాడభూషి అనంతశయనం అయ్యంగారు; మావలంకర్ మరణానంతరం ఆ మార్చిలోనే ఎన్నికయ్యారు. మా వృత్తిలోనివారు ఈనాటికీ దీనిని ఫిరోజ్ గాంధీ చట్టమనే పిలుస్తారు. గ్యాలరీలో కూర్చుని వార్త పంపే ఎవరైనా ఆయనకు కొంత ఋణపడి ఉన్నట్టే.

రెండవ మహోపన్యాసం 1957 డిసెంబరు 16న. జాతీయం చేసి ఏడాది నిండిన జీవిత బీమా సంస్థే ఈసారి గురి. హరిదాస్ ముంధ్రా అనే కలకత్తా వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలను ఆ జూన్‌లో సంస్థ సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలకు కొన్నది. సంస్థ పెట్టుబడుల సంఘానికి బేరం ముగిశాక గాని తెలియలేదు. ముంధ్రా ఆర్థికంగా కూలిపోతున్నాడని బజారులో అందరూ ఎరుగుదురు. ప్రభుత్వపరమైనంత మాత్రాన పాలసీదారు సొమ్ముకు భద్రత రాదని, చూసే కన్ను అవసరమని ఫిరోజ్ లేఖలతో, తేదీలతో నిరూపించారు. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి స్వపక్షం వారు, ప్రధానికి సన్నిహితులు. ప్రశ్నించినది ప్రధాని అల్లుడు. ప్రతిపక్షం బలహీనంగా ఉన్న ఆ సభలో అధికారపక్షపు వెనుక బెంచీయే ప్రతిపక్షమైంది.

బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ఏకసభ్య విచారణ సంఘంగా నియమితులయ్యారు. విచారణ బహిరంగంగా జరిగింది. జనం కిక్కిరియడంతో బయట లౌడ్ స్పీకర్లు పెట్టవలసి వచ్చింది. 24 రోజులలో పని ముగిసింది. తన కార్యదర్శి చేసినదానికి రాజ్యాంగరీత్యా మంత్రి బాధ్యుడన్న నివేదికపై 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా ఇచ్చారు. ఏళ్ళ తరబడి సాగి, నివేదికలు అటకెక్కే తర్వాతి కాలపు సంఘాలను చూసినవారికి ఆ 24 రోజులు కల్పితకథలా తోస్తాయి. అయితే రాజకీయాలలో పతనం శాశ్వతం కాదన్నదీ ఇక్కడే కనిపిస్తుంది. కృష్ణమాచారి 1962లో తిరిగి మంత్రివర్గంలోకి వచ్చి, మరుసటి ఏడు మళ్ళీ ఆర్థికమంత్రే అయ్యారు. అభిశంసనకు గురైన ఆర్థిక కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ రాజకీయాలలో చేరి 1977లో తానే ఆర్థికమంత్రి అయ్యారు.

ఫిరోజ్ అక్కడితో ఆగలేదు. టాటాల టెల్కో కంపెనీ రైలు ఇంజన్లకు జపాను ధర కంటె దాదాపు రెట్టింపు వసూలు చేస్తున్నదని, దానిని జాతీయం చేయాలని వాదించారు. టాటాలు పార్సీలే, స్వమతస్థుల ఆగ్రహాన్ని ఆయన లెక్కచేయలేదు. 1959లో కేరళలో నంబూద్రిపాద్ ప్రభుత్వాన్ని బర్తరఫు చేయడాన్ని వ్యతిరేకించారు. ఆనాటి కాంగ్రెసు అధ్యక్షురాలు స్వయంగా ఆయన భార్య. ప్రభుత్వ రంగంలో ఏర్పడిన ఇండియన్ రిఫైనరీస్ సంస్థకు అధ్యక్షులుగా ఉంటూనే సభకు హాజరయ్యేవారు. ఒక లోపం కూడా చెప్పాలి. వ్యక్తులను పట్టుకోవడంలో ఆయన చూపిన ప్రతిభ, తప్పులకు ఆస్కారమిచ్చే ఏర్పాట్లను మార్చడంలో అంతగా చూపలేదు. బీమా సంస్థపై పార్లమెంటు నిఘా ఎలా ఉండాలన్న ప్రశ్న ముంధ్రా తర్వాత కూడా ప్రశ్నగానే మిగిలింది.

1958లో ఒకసారి గుండెపోటు వచ్చింది. వైద్యులు విశ్రాంతి తీసుకోమన్నా తీసుకునే స్వభావం కాదు. 1960 సెప్టెంబరు 8న ఢిల్లీ విల్లింగ్డన్ ఆస్పత్రిలో కన్నుమూశారు. నాలుగు రోజులు గడిస్తే నలభై ఎనిమిది నిండేవి. నిగంబోధ్ ఘాట్‌లో దహనం జరిగింది. చితాభస్మంలో కొంత అలహాబాదు పార్సీ శ్మశానవాటికలో నిక్షిప్తమైంది. ఆ ఏడే రాయ్‌బరేలీలో నెలకొన్న డిగ్రీ కళాశాల ఆయన పేరుతో నడుస్తున్నది.

1967లో ఇందిరా గాంధీ అదే రాయ్‌బరేలీని ఎన్నుకొన్నారు. 1971లో అక్కడి ఎన్నికే వివాదమై, 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు దానిని రద్దు చేసింది. రెండు వారాలలో అత్యవసర పరిస్థితి వచ్చింది. పార్లమెంటు ప్రసంగాలపై సైతం సెన్సారు పడింది. సభ్యుడు లేచి మాట్లాడవచ్చు. మాట్లాడినది అతని ఓటరుకు చేరదు. అదీ చాలదన్నట్టు ఆ డిసెంబరు 8న జారీ అయిన ఆర్డినెన్సులలో ఒకటి 1956 నాటి 24వ నంబరు చట్టాన్ని రద్దు చేసింది; 1976లో పార్లమెంటు ఆ రద్దును చట్టంగా ఆమోదించింది. రాయ్‌బరేలీ తొలి సభ్యుడు తెచ్చిన చట్టాన్ని తొలగించిన ప్రభుత్వానికి నాయకురాలు రాయ్‌బరేలీ సభ్యురాలే. భర్త చట్టమన్న స్పృహ ఆమెకు లేకపోవడం అసంభవం. దానిని గురించి ఆమె ఏమనుకున్నారన్నది ఊహకు వదిలివేయవలసిందే.

1977 మార్చిలో రాయ్‌బరేలీ ఓటర్లు ఆమెను ఓడించి రాజ్‌నారాయణ్‌ను గెలిపించారు. ఆ ఏడే జనతా ప్రభుత్వం పాత చట్టాన్ని మళ్ళీ తెచ్చింది. ఆర్డినెన్సుతో తుడిచివేయడానికి వీలు లేకుండా 1978 నాటి 44వ సవరణ దాని సారాన్ని 361-ఎ అధికరణంగా రాజ్యాంగంలోనే చేర్చింది. శాసనసభల కార్యకలాపాలకూ రక్షణ విస్తరించింది. 1980 జనవరిలో ఇందిరా గాంధీ రాయ్‌బరేలీ, మెదక్ రెండుచోట్లా గెలిచి, రాయ్‌బరేలీని వదలి మెదక్‌ను ఉంచుకొన్నారు. మరణించేనాటికి ఆమె తెలుగువారి ప్రతినిధి.